చంపక తెలిసికొనుట: హాల్డేన్ జీవితము

జీవమును తెలిసికొనుటకు జీవమును చంపవలసినదేనా? జీవశాస్త్రము చదువు ప్రతివారికి ఎదురగు ప్రశ్న యిది. ఏకేంద్రియ జీవికి సైతము హాని తలపెట్టరాదని నమ్మిన జైనులకు మరింత దగ్గరి ప్రశ్న. జైనుడు కాకపోయినను, ఆస్తికుడు కాకపోయినను, జె.బి.ఎస్. హాల్డేన్ దీనికి తన బ్రతుకుతో సమాధానము వెదకెను.

ఆయన 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్, గనులలోని విషవాయువులను స్వయముగా పీల్చి పరీక్షించిన శాస్త్రవేత్త. కుమారుడు చిన్ననాటనే ఆ ప్రయోగములలో పాల్గొనెను.

మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడై గాయపడెను. ఆనాడు ఆయనకు అహింసపై మక్కువ లేదు. పోరు తనకు నచ్చినదని దాచక చెప్పుకొనెను. 1925లో విషవాయు యుద్ధమును సమర్థించుచు పుస్తకము వ్రాసెను. అయినను ప్రయోగశాలలో పలుమారు కష్టమును తన దేహముపైననే వేసికొనెను. అమ్మోనియం క్లోరైడు త్రాగి రక్తమున కలుగు మార్పులను గమనించెను. రెండవ యుద్ధకాలమున జలాంతర్గాముల నావికుల రక్షణకై ఒత్తిడి గదులలో కూర్చుండి వెన్నెముకకు దెబ్బ తెచ్చుకొనెను. ప్రకృతివరణమును గణితముతో వివరించిన ముగ్గురు ప్రముఖులలో ఆయన యొకడు.

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చెను. శాకాహారియై, పిదప భారత పౌరుడాయెను. ప్రాణులను చంపక, బాధింపక, వాని తావుననే గమనించు పద్ధతిని శిష్యులకు నేర్పెను. తెలుగువాడైన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణ లాంటానా పొదల చెంత నిలిచి, ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూవుపై వాలుచున్నదో లెక్కించెను. కొన్ని జాతులు కొన్ని రంగులనే ఎంచుకొనుట కనబడెను. ఇట్టి ఎంపిక వలన ఒకే తావున కాలక్రమమున క్రొత్త జాతులు పుట్టవచ్చునా యను పెద్ద ప్రశ్న ఉదయించెను. దానికి కావలసిన పరికరములు ఓర్పు, కన్నులు, కాగితము.

1962లో హాల్డేన్ భువనేశ్వరము చేరెను. 1964 డిసెంబరు 1న క్యాన్సరుతో అచటనే కన్నుమూసెను. ఆయన కోరికననుసరించి దేహము కాకినాడ రంగరాయ వైద్యకళాశాల విద్యార్థుల చదువునకు ఈయబడెను. చూపుతో మాత్రమే తెలియని దానికి తన దేహమునే యిచ్చెను.

చంద్రపూర్ జిల్లా విసాపూర్‌లో నేడొక వృక్షోద్యానము కలదు. అచటికి పోయిన బాలలు పూవు త్రుంపక, సీతాకోకచిలుకను పట్టక, గడియసేపు నిలిచి చూచినచో ఆ మహనీయుని పాఠమును చదివినట్లే.