55 ఏళ్లకు మొదలైన నడక



వినోబా భావే అనగానే మీకు భూదానం గుర్తొస్తుంది. ఈ నెల ఆయన నడకను గుర్తుచేసుకుందాం.

వినోబా 1895లో మహారాష్ట్రలోని గాగోదేలో పుట్టారు. చదువంటే ప్రాణం, ఎన్నో భాషలు నేర్చారు. కడుపులో పుండుతో ఏళ్ల తరబడి బాధపడ్డారు. అయినా 1951లో, 55 ఏళ్ల వయసులో, వార్ధా దగ్గరి పవనార్ నుంచి హైదరాబాద్ పక్కనున్న శివరాంపల్లికి దాదాపు 300 మైళ్లు నడిచే వచ్చారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. ఆ తర్వాత సుమారు 13 ఏళ్లు ఊరూరా నడిచారు. 1982లో, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఒక్కరి జీవితం వైద్యానికి రుజువు కాదు. కానీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుకు మనం తగ్గించుకోగల 14 ముప్పుల్లో శారీరక శ్రమ లేకపోవడం ఒకటని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. కదలిక తగ్గితే బీపీ, షుగర్ పెరుగుతాయి; అవి మెదడు రక్తనాళాలను దెబ్బతీస్తాయి. గంటల కొద్దీ కూర్చోవడమూ మంచిది కాదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట వేగంగా నడిస్తే చాలు.

ఆఫీసులో, షాపులో, ఇంట్లో మీరు రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటున్నారో ఒకసారి లెక్క వేయండి. సాయంత్రం బండి ఇంట్లో ఉంచి, తాతయ్య, నాయనమ్మ, పిల్లలతో కలిసి ధర్మపురి గోదావరి ఒడ్డు దాకా నడవండి. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు ఉన్నవారు ముందు డాక్టరును అడగండి. మనవళ్ల పేర్లు తాతయ్యకు ఎప్పటికీ గుర్తుండాలని మనమంతా కోరుకుంటాం. ఆ కోరికకు మన చేతిలో ఉన్న పని ఇదే.