వంటగదిలో దైవసన్నిధి: సహోదరుడు లారెన్సు



హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసే మన యువతీయువకుల నోట తరచుగా వినిపించే మాట, ప్రార్థనకు సమయం చిక్కడం లేదని. రాత్రి షిఫ్టు ముగించి ఇల్లు చేరేసరికి తెల్లవారుతుంది. ఆదివారం దివ్యబలిపూజలో కూర్చున్నా మనసు ఆఫీసులోనే తిరుగుతుంది. వారి కష్టం నిజమైనదే. అటువంటివారు తెలుసుకోదగిన జీవితం సహోదరుడు లారెన్సుది.

ఆయన 1614 ప్రాంతంలో లొరేన్ సీమలో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. అసలు పేరు నికొలా హెర్మన్. పద్దెనిమిదవ ఏట, చలికాలంలో, ఆకులన్నీ రాలిన ఒక చెట్టును చూశాడు. కొన్నాళ్లలో అదే చెట్టు చిగిర్చి, పూసి, కాయలు కాస్తుందని తలచగానే దేవుని శక్తి, పోషణ ఆయన హృదయంలో నాటుకుపోయాయి. అయితే వెంటనే మఠంలో చేరలేదు. ముప్పై ఏళ్ల యుద్ధంలో సిపాయిగా పనిచేసి గాయపడ్డాడు. ఆ గాయంతో వచ్చిన కుంటితనం చివరిదాకా పోలేదు. తరువాత ఒక పెద్దమనిషి ఇంట నౌకరుగా కుదిరాడు. ఏది పట్టుకున్నా పగులగొట్టేవాడినని తానే చెప్పుకునేవాడు.

1640లో పారిసులోని కార్మెల్ మఠంలో సామాన్య సహోదరుడుగా చేరాడు. గురుపట్టానికి తగిన చదువు లేదు. పెద్దలు ఆయనకు వంటపని అప్పగించారు. ఆ పనంటే ఆయనకు సహజంగానే అయిష్టం. అయినా దేవునిపై ప్రేమకొరకు దానిని చేస్తూ, సుమారు పదిహేనేళ్లు ఆ వంటగదిలోనే గడిపాడు. పని మొదలుపెట్టేముందు సర్వేశ్వరుని సహాయం అడిగేవాడు. మధ్యలో ఆయనతో చిన్నచిన్న మాటలు మాట్లాడేవాడు. ముగిశాక కృతజ్ఞత తెలిపేవాడు. పొరపాటు జరిగితే ఒప్పుకొని, కుమిలిపోకుండా తిరిగి మొదలుపెట్టేవాడు.

ఇదంతా సులభంగా అబ్బిందనుకోకండి. మఠంలో మొదటి పదేళ్లు ఆయన తీవ్రమైన మనోవేదన అనుభవించాడు. తన పాపాలు కళ్లముందు మెదిలేవి. తనకు రక్షణ లేదేమోనని భయపడేవాడు. ఏ ఓదార్పూ కలగని ఆ రోజుల్లోనూ, ఏమైనా సరే దేవుని ప్రేమకొరకే జీవిస్తానని నిశ్చయించుకున్నాడు. ఆ తరువాతే శాంతి దొరికింది. ప్రార్థనలో రుచి లేదని మానేసేవారు ఈ పదేళ్లను గుర్తుంచుకోవాలి.

తరువాత చెప్పులు కుట్టే పనిలో ఉన్నాడు. 1691 ఫిబ్రవరి 12న కన్నుమూశాడు. ఆయన లేఖలను, సంభాషణలను బొఫోర్ అనే గురువు సేకరించి ప్రచురించారు. శ్రీసభ పునీతుల పట్టికలో ఆయన పేరు లేదు. అయినా ఆ చిన్న పుస్తకం కతోలికులనే గాక ఇతర క్రైస్తవులను కూడా నేటికీ ప్రార్థనకు నడిపిస్తున్నది.

ఒక హెచ్చరిక. పనే ప్రార్థన అని చెప్పి దివ్యబలిపూజను, జపమాలను విడిచిపెట్టడానికి లారెన్సు జీవితం సాకు కాదు. మఠంలోని ప్రార్థన వేళలను ఆయన పాటించాడు. అక్కడ కలిసిన దేవునినే వంటగదికి వెంట తెచ్చుకున్నాడు.

కంప్యూటరు తెరిచే ముందు ఒక్క క్షణం, క్యాబ్‌లో ఒక్క క్షణం, తెల్లవారుజామున పిల్లల క్యారేజీ సర్దే తల్లికి పొయ్యి దగ్గర ఒక్క క్షణం. ఈ వారం ఇలా మొదలుపెడదాం. మరచిపోతే మళ్లీ మొదలుపెడదాం. దేవుడు మనతోనే ఉన్నాడు. ఆయనవైపు తిరగవలసింది మనమే.