సర్ అశుతోష్ ముఖర్జీ: విశ్వవిద్యాలయం, విహారం, ప్రదర్శనశాల

ఆధునిక భారతదేశంలో బౌద్ధ పునరుద్ధరణ గురించి మాట్లాడుకొన్నప్పుడు మనకు ముందుగా గుర్తుకు వచ్చేవారు భిక్షువులు, ధమ్మప్రచారకులు, ఉద్యమ నాయకులు. అది న్యాయమే. అయితే ధమ్మదీక్ష స్వీకరించకపోయినా, చీవరం ధరించకపోయినా, ఈ నేలపై బౌద్ధవిద్య మళ్లీ నిలదొక్కుకోవడానికి కావలసిన ఆచార్య పదవులను, గ్రంథముద్రణను, పరిశోధక వేతనాలను సమకూర్చినవారు కొందరున్నారు. వారిలో అగ్రగణ్యుడు సర్ అశుతోష్ ముఖర్జీ. ఈ స్మారక సంచికలో ఆయన జీవితానికి చోటివ్వాలని మేము తలచడానికి మరొక ప్రత్యేక కారణం కూడా ఉన్నది. మన భట్టిప్రోలు స్తూపగర్భంలో వెలువడిన పవిత్రధాతువును ప్రభుత్వం చేతినుండి అందుకొని, తిరిగి ఆరాధనా స్థానానికి చేర్చిన మహనీయుడు ఆయనే.

అశుతోష్ 1864 జూన్ 29న కలకత్తాలోని బౌబజారులో జన్మించారు. తండ్రి గంగాప్రసాద్ పేరుపొందిన వైద్యుడు, తల్లి జగత్తారిణీదేవి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజులలోనే గణితంలో స్వతంత్రమైన వ్యాసాలు రాసి విదేశీ పత్రికలలో ప్రకటించగలిగిన మేధావి ఆయన. గణితంలోను, భౌతికశాస్త్రంలోను ఎం.ఏ. పట్టాలు పొంది, ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పారితోషికాన్ని గెలుచుకొన్నారు. జీవితమంతా గణిత పరిశోధనకు అంకితం చేయాలన్నది ఆయన కోరిక. కాని 1857లో స్థాపితమైన కలకత్తా విశ్వవిద్యాలయం అప్పటికి పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థ మాత్రమే. పరిశోధకుడికి జీతమిచ్చి, తీరిక కల్పించి, పుస్తకాలు సమకూర్చే ఏర్పాటు అక్కడ లేదు. ఆ కారణంగా ఆయన న్యాయశాస్త్రం వైపు మరలి 1888లో హైకోర్టు వకీలయ్యారు. 1904లో న్యాయమూర్తి పీఠం అలంకరించారు. తనకు దక్కని అవకాశం తరువాతి తరాలకు దక్కాలన్న పట్టుదల ఆయన తదనంతర జీవితమంతటా కనిపిస్తుంది.

ఇరవై అయిదేళ్ల వయసులోనే, 1889లో, ఆయన విశ్వవిద్యాలయ ఫెలో అయ్యారు. 1906లో వైస్ ఛాన్సలరుగా నియమితులై 1914 వరకు ఆ పదవిలో ఉన్నారు. మళ్లీ 1921 నుండి 1923 వరకు అదే బాధ్యత వహించారు. పగలు హైకోర్టులో తీర్పులు చెప్పి, మిగిలిన కాలమంతా విశ్వవిద్యాలయానికి ధారపోశారు. తారకనాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ వంటి దాతల ధనంతో 1914లో సైన్సు కళాశాలకు పునాది వేయించారు. 1917లో స్నాతకోత్తర బోధనను విశ్వవిద్యాలయమే నేరుగా చేపట్టేలా వ్యవస్థను మార్చారు. పరీక్షలు నిర్వహించే కార్యాలయంగా ఉన్న సంస్థ ఆ విధంగా పరిశోధన జరిగే విద్యాపీఠమైంది. ప్రతిభ ఎక్కడున్నా వెదకి తెచ్చుకోవడం ఆయన నియమం. ప్రభుత్వ లెక్కల శాఖలో ఉద్యోగిస్తున్న సి.వి. రామన్‌ను పాలిత్ ఆచార్య పీఠానికి, మైసూరులో బోధిస్తున్న మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1921లో తత్త్వశాస్త్ర పీఠానికి రప్పించినది ఆయనే.

బౌద్ధవిద్యకు ఆయన చేసిన సేవను కొంత వివరంగా చెప్పుకోవాలి. మన దేశంలో పుట్టిన ధమ్మసాహిత్యాన్ని చదువుకోవడానికి భారతీయులే సింహళానికో, బర్మాకో, ఐరోపాకో వెళ్లవలసిన రోజులవి. తన తొలి పదవీకాలంలో అశుతోష్ పాళీ భాషకు విశ్వవిద్యాలయంలో స్థిరమైన స్థానం కల్పించారు. గోవానుండి బయలుదేరి, సింహళంలో భిక్షుజీవితం గడిపి వచ్చిన ధర్మానంద్ కోశాంబి కొంతకాలం అక్కడ పాళీ బోధించారు. చిట్టగాంగ్ బౌద్ధ కుటుంబంలో పుట్టిన వేణీమాధవ్ బారువా అక్కడే పాళీలో ఎం.ఏ. చేసి, లండన్ వెళ్లి 1917లో డి.లిట్. పట్టా పొంది, తిరిగివచ్చి అదే విశ్వవిద్యాలయంలో బోధకుడయ్యారు. బుద్ధునికి పూర్వపు భారతీయ తత్త్వచింతనపై ఆయన రచించిన గ్రంథాన్ని 1921లో విశ్వవిద్యాలయమే ప్రచురించింది. వంశపరంపరగా బౌద్ధుడైన ఒక యువకుడు బౌద్ధవిద్యకు ఆచార్యుడై కూర్చోవడం ఆనాటి భారతదేశంలో చిన్న విషయం కాదు. కలకత్తాలో బౌద్ధ ధర్మాంకుర సభను స్థాపించిన చిట్టగాంగ్ భిక్షువు కృపాశరణ్ మహాస్థవిరునితో అశుతోష్‌కు గల స్నేహాన్ని కూడా ఇక్కడ స్మరించుకోవాలి.

పాళీతో బౌద్ధవాఙ్మయం ముగిసిపోదని ఆయన ఎరుగుదురు. మూలాలు నశించిన ఎన్నో సంస్కృత గ్రంథాలు టిబెటన్, చైనీస్ అనువాదాలలోనే మిగిలి ఉన్నాయి. అందుచేత సిక్కింనుండి లామా కాజీ దావా సందుప్‌ను టిబెటన్ బోధనకు రప్పించారు. ఆయన కూర్చిన ఆంగ్ల–టిబెటన్ నిఘంటువును విశ్వవిద్యాలయం 1919లో అచ్చువేసింది. జపాన్ నుండి వచ్చిన కిమురాకు మహాయాన బోధనలో చోటిచ్చారు. ఫ్రెంచి పండితుడు సిల్వేన్ లెవీ శాంతినికేతనానికి వచ్చినప్పుడు, ప్రబోధ్ చంద్ర బాగ్చీ అనే యువ అధ్యాపకుణ్ణి చైనీస్, టిబెటన్ భాషలు నేర్చుకోవడానికి ఆయన దగ్గరకు పంపారు. బాగ్చీ తరువాతి కాలంలో చైనా బౌద్ధ త్రిపిటక చరిత్రపై ప్రామాణిక పండితుడయ్యారు. ఒక పండితుడికి జీతం, మరొకరికి ప్రయాణవేతనం, ఇంకొకరి రాతప్రతికి ముద్రణ, అందరికీ గ్రంథాలయం: పరిశోధనకు ఆసరా అంటే ఆయన దృష్టిలో ఇదే. నలందా, విక్రమశిలలు కూలిన తరువాత మన దేశంలో బౌద్ధవిద్యకు ఇంత విస్తారమైన ఆశ్రయం అంతకుముందు దొరకలేదని మేము నమ్ముతున్నాము.

ప్రదర్శనశాలల విషయంలోను ఆయన పాత్ర గణనీయం. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం ట్రస్టీల మండలికి ఆయన అధ్యక్షులు. 1914లో ఆ సంస్థ శతజయంతి ఆయన ఆధ్వర్యంలోనే జరిగింది. భర్హుత్ స్తూపపు ప్రాకారం, తోరణం ఆ ప్రదర్శనశాలలోనే ఉన్నాయి. జాతకకథలు చెక్కిన ఆ శిలలను చూసి వెళ్లేవారు వేలమంది. వాటిపై దాతల పేర్లను చదివి అర్థం చెప్పగలవారు బహుకొద్దిమంది. విశ్వవిద్యాలయం తయారుచేసిన పండితులే ఆ లోటు తీర్చారు. బారువా, గంగానంద సిన్హా కలిసి పరిష్కరించిన భర్హుత్ శాసనాల గ్రంథం 1926లో విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడింది. శిల్పకళాధ్యయనం కోసం 1921లో వాగీశ్వరీ ఆచార్య పీఠం ఏర్పడగా, అవనీంద్రనాథ్ ఠాకూర్ దానిని మొదట అలంకరించారు. ఐరోపానుండి వచ్చిన స్టెల్లా క్రామ్రిష్ కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే భారతీయ కళాచరిత్ర బోధనకు కుదురుకొన్నారు. వస్తువును భద్రపరచే ప్రదర్శనశాల, దాని అర్థాన్ని శోధించే విశ్వవిద్యాలయం ఒకదానికొకటి తోడుగా ఉండాలన్న భావానికి బీజం అక్కడ పడింది.

ఇప్పుడు భట్టిప్రోలు ప్రసక్తికి వద్దాం. కృష్ణాతీరంలోని ఆ మహాస్తూపం 19వ శతాబ్దంలో ఘోరంగా దెబ్బతిన్నది. దాని ఇటుకలు రోడ్లకు, పాలరాళ్లు కాలువ పనులకు తరలిపోయాయి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్వగా, స్తూపమధ్యంలో మూడు రాతి కరండాలు, వాటిపై బ్రాహ్మీలిపి శాసనాలు బయటపడ్డాయి. కుబేరక రాజు పేరు, దాతల పేర్లు, గోష్ఠుల పేర్లు ఆ శాసనాలలో ఉన్నాయి. తెలుగు లిపి పరిణామాన్ని చెప్పేవారెవరూ ఆ అక్షరాలను దాటిపోలేరు. లోపలి భరిణెలోని ధాతువు మాత్రం మద్రాసు ప్రదర్శనశాలకు చేరింది. మన పూర్వులు ప్రదక్షిణం చేసిన ధాతువు ఆ విధంగా ప్రభుత్వపు పురావస్తువయింది.

అనాగారిక ధర్మపాల స్థాపించిన మహాబోధి సభకు అశుతోష్ ఆనాడు అధ్యక్షులు. కలకత్తా కాలేజీ స్క్వేర్ పక్కన, హవాయి ద్వీపవాసి మేరీ ఫోస్టర్ దానంతో ధర్మరాజిక చైత్యవిహారం నిర్మాణమైంది. అందులో ప్రతిష్ఠించడానికి ప్రభుత్వం భట్టిప్రోలు ధాతువును ఇవ్వడానికి అంగీకరించింది. 1920 నవంబరులో, ప్రభుత్వ సౌధంలో, బెంగాల్ గవర్నరు రోనాల్డ్‌షే చేతులమీదుగా అశుతోష్ ఆ ధాతువును స్వీకరించారు. ఆ ఏడాదే హైకోర్టుకు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన వ్యక్తి, పట్టుబట్టలు కట్టుకొని, పాదరక్షలు లేకుండా, ఊరేగింపుతో నగరవీధుల గుండా దానిని విహారానికి తోడ్కొని వచ్చారు. చారిత్రక వస్తువును పరిశీలించడం ఎలాగో తెలిసిన పండితుడికి, ధాతువును ఎలా గౌరవించాలో కూడా తెలుసునని ఆ నడక చాటింది. మన నేలలో దొరికిన ధాతువు మన నేలకు దూరంగానే ఉన్నదన్న బాధ మాకు లేకపోలేదు. అయినా అది భద్రపేటికలో సంఖ్యగా మిగలక, ఉపాసకులు నమస్కరించే స్థానంలో ఉన్నదంటే అందులో ఆయన పాలు ఉన్నది.

అశుతోష్ బౌద్ధుడు కారు. సంప్రదాయ బ్రాహ్మణ గృహస్థుగానే జీవించారు, త్రిశరణాలు స్వీకరించలేదు. కులవ్యవస్థను ధిక్కరించి ధమ్మంలోకి వచ్చిన మనం ఆయనను స్మరించడం ఎందుకని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. ఆయనను బోధిసత్త్వుడని మేము అనడం లేదు. బాలవితంతువైన తన కుమార్తె కమలకు 1908లో పునర్వివాహం జరిపించి, సాటి సనాతనుల నిరసనను సహించిన ధైర్యం ఆయనది. పేదలు, అంటరానివారుగా ముద్రపడినవారు తలెత్తుకొనే ఉద్యమం ఆయన నడపలేదు. ఆ పని బాబాసాహెబ్ అంబేడ్కర్ కోసం మిగిలి ఉన్నది. కాని ధమ్మం ఒక దేశంలో బ్రతకాలంటే దీక్షతో పాటు విద్య కావాలి, విద్యకు సంస్థ కావాలి. ఆ సంస్థను కట్టిన వ్యక్తి ఏ కులంలో పుట్టినా, మేలు పొందినవారు కృతజ్ఞత చూపడం బుద్ధుడు బోధించిన గుణమే.

సంస్థను కట్టడంతో పాటు దాని స్వేచ్ఛను కాపాడటం కూడా ఆయన ధర్మంగా భావించారు. 1922లో విశ్వవిద్యాలయం ఆర్థికంగా చితికిపోయి ఉన్నప్పుడు, ప్రభుత్వం రెండున్నర లక్షల రూపాయల సహాయాన్ని షరతులతో ఇవ్వజూపింది. ఆ షరతులు విద్యాస్వాతంత్ర్యానికి సంకెళ్లని ఆయన తిరస్కరింపజేశారు. మరుసటి ఏడాది గవర్నరు లిట్టన్, ప్రభుత్వాన్ని వ్యతిరేకించబోనని ఒప్పుకుంటే పదవి కొనసాగిస్తామని సూచించగా, ఘాటైన సమాధానంతో ఆ పదవినే వదులుకొన్నారు. డబ్బు లేని సంస్థ కొంతకాలం కష్టపడుతుంది. తలవంచిన సంస్థ మళ్లీ లేవడం కష్టం. దాతలపై, ప్రభుత్వాలపై ఆధారపడి విహారాలు, గ్రంథాలయాలు నడుపుతున్న మన సంఘాలన్నీ ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోవాలి.

న్యాయమూర్తిగా విరమించిన తరువాత తిరిగి వకాల్తా చేపట్టి, ఒక వ్యాజ్యం నిమిత్తం పాట్నా వెళ్లి, అక్కడే 1924 మే 25న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవై నిండలేదు. ఆయన జీవితకాలంలో సేకరించిన గ్రంథరాశి, ఎనభై వేలకు పైగా సంపుటాలు, తరువాత జాతీయ గ్రంథాలయానికి చేరింది.

1937లో కలకత్తా విశ్వవిద్యాలయం తన సెనేట్ హౌస్ భవనంలో ఒక కళాప్రదర్శనశాలను నెలకొల్పి ఆయన పేరు పెట్టింది. భారతదేశంలో ఒక విశ్వవిద్యాలయం నెలకొల్పిన తొలి ప్రజాప్రదర్శనశాల అదే. తొలి అధ్యక్షుడు దేవప్రసాద్ ఘోష్, ఆయన సహచరులు బెంగాల్ పల్లెలలో తిరిగి శిల్పాలు, మట్టిబొమ్మలు, పటాలు, రాతప్రతులు సేకరించారు. బాణ్‌గఢ్‌లోను, తరువాత చంద్రకేతుగఢ్‌లోను విశ్వవిద్యాలయం జరిపిన తవ్వకాల ఫలితాలు అక్కడికే చేరాయి. పాలరాజుల కాలపు బౌద్ధ శిల్పాలను ఈనాటి విద్యార్థులు తరగతి గదికి పక్కనే చూసి నేర్చుకొంటున్నారు. కాలేజీ స్క్వేర్ చెరువుకు ఒకవైపు భట్టిప్రోలు ధాతువున్న విహారం, వీధికి అవతల అశుతోష్ పేరిట ప్రదర్శనశాల. ఒకచోట శ్రద్ధ, మరొకచోట శోధన.

మన ఊళ్లలో ఇంకా ఎన్నో దిబ్బలు తవ్వకుండా ఉన్నాయి. తవ్వినచోట దొరికిన శిలలు పొలం గట్లమీద, గుడి మెట్లకింద పడి ఉన్నాయి. వాటిని చూసి దండం పెట్టేవారు మనలో చాలామంది ఉన్నారు. వాటిని చదవగలవారు, నమోదు చేయగలవారు, కాపాడగలవారు ఎక్కువ కావాలి. మన పిల్లలలో కొందరిని పాళీకి, ప్రాకృతానికి, శాసనలిపులకు, ప్రదర్శనశాలల పనికి పంపడమే, వారికి వేతనాలు సమకూర్చడమే, సర్ అశుతోష్ ముఖర్జీకి మనం అర్పించగల నిజమైన నివాళి అని మేము భావిస్తున్నాము.