పీటర్ పానమ్

ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమున, స్కాట్లండునకును ఐస్లండునకును నడుమ, ఫారో దీవులు కలవు. అవి డెన్మార్కు రాజ్యమునకు చెందినవి. 1846వ సంవత్సరమున అచ్చట సుమారు 7,800 మంది జనులు గొఱ్ఱెలను మేపుచు, చేపలు పట్టుచు జీవించుచుండిరి. 1781లో ఒకసారి తట్టు జాడ్యము ఆ దీవులకు వచ్చి పోయెను. పిమ్మట 65 ఏండ్లు అది మరల తల చూపలేదు. 1846 వసంతమున కోపెన్‌హాగెన్ నగరము నుండి ఓడలో వచ్చిన ఒక వడ్రంగి, తనకు తెలియకయే దానిని వెంట తెచ్చెను. కొలది నెలలలో ఇంచుమించు 6,000 మంది మంచము పట్టిరి. ఇంటిల్లిపాదియు పడిపోయిన చోట గ్రుక్కెడు నీరిచ్చు వారైనను లేకపోయిరి.

డెన్మార్కు ప్రభుత్వము ఇద్దరు యువవైద్యులను పంపెను. అందొకడు పీటర్ పానమ్. 1820లో బోర్న్‌హోల్మ్ దీవియందు జన్మించిన అతనికి అప్పటికి 25 ఏండ్లు. తట్టును మాన్పు మందు అతనివద్ద లేదు. అట్టి మందు నేటికిని లేదు. అతడు రోగులకు తోచిన సాయము చేయుచు, పడవలమీద ఊరూర తిరిగి, ఎవరికి ఏనాడు దద్దురు పొడసూపెనో విచారించి వ్రాసికొనెను.

ఆ విచారణ వ్యర్థము కాలేదు. చోర్నువీక్ అను పల్లె నుండి పదిమంది, జూన్ 4వ తేదీన, వేరొక ఊరికి తిమింగిలముల వేటకు పోయిరి. జూన్ 18న ఆ పదిమందికిని దద్దురు వెడలెను. అంటుకొనిన నాటి నుండి దద్దురు కనబడుటకు 13, 14 దినములు పట్టునని పానమ్ ఇట్టి సంగతుల వలన నిశ్చయించెను. రోగము చెడుగాలి వలన పుట్టునని పలువురు నమ్ముచున్న కాలమది. రాకపోకలను కట్టడి చేసికొనిన పల్లెలకు అది సోకకుండుట చూచి, మనిషి నుండి మనిషికే సంక్రమించునని అతడు తెలిపెను.

అంతకంటె వింతయైనది ముసలివారి సంగతి. బాల్యమున, 1781లో, తట్టు వచ్చిన వృద్ధులను అతడు 98 మందిని చూచెను. వారిలో ఒక్కరికైనను అది తిరిగి రాలేదు. నాడు తప్పించుకొనిన వృద్ధులు మాత్రము ఇప్పుడు చిక్కిరి. కావున వారిని కాచినది వయస్సు కాదు. 65 ఏండ్ల నాటి జబ్బును దేహము మఱవకుండుటయే. రక్తమునందలి కొన్ని కణములు ఒకసారి ఎదిరించిన వైరసును గుర్తుంచుకొనునని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తట్టు వైరసును ప్రయోగశాలలో పెంచుట 1954లో గాని సాధ్యపడలేదు.

అయినను వయస్సునకు పనిలేదని తలపరాదు. జబ్బు అన్ని ఈడులవారికి వచ్చినను, మరణము అందఱిని ఒక్కరీతిగా తాకలేదు. ఏడాది నిండని శిశువులును, నడివయస్సు దాటినవారును ఎక్కువగా చనిపోయిరి. బాలబాలికలు చాలవఱకు కోలుకొనిరి. పసిదేహము పోరాటమునింకను నేర్వలేదు. ముదిసిన దేహమునకు క్రొత్త శత్రువును ఎదుర్కొను చుఱుకుదనము తగ్గును.

1847లో పానమ్ ఈ వృత్తాంతమును ప్రకటించెను. అటుపిమ్మట కీల్, కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయములలో శరీరధర్మశాస్త్రమును బోధించి, 1885లో మరణించెను. కోపెన్‌హాగెన్ వైద్యవిద్యాలయ భవనము నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది.