డేవీ క్రాకెట్

డేవీ క్రాకెట్ (ఆగష్టు 17, 1786 - మార్చి 6, 1836) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన వేటగాడు, సైనికుడు, రాజకీయ నాయకుడు. అసలు పేరు డేవిడ్ క్రాకెట్. టెన్నెసీ రాష్ట్రం నుండి మూడు పర్యాయాలు అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. టెక్సాస్ స్వాతంత్ర్య పోరాటంలో అలమో కోట వద్ద మరణించాడు. తన కాలంలోనే జానపద నాయకునిగా పేరు పొందిన ఇతనికి ఆ పేరు తెచ్చిపెట్టినవి ముఖ్యంగా ఎలుగుబంటి వేటలు. అడవి అంచున కాపురముండే కుటుంబానికి ఆ రోజుల్లో ఎలుగుబంటి అంటే ఏడాదికి సరిపడా మాంసము, వంటకు కొవ్వు, పరుపుకు తోలు, తుపాకికి కందెన. క్రాకెట్ జీవితాన్ని ఈ నేపథ్యంలో చూసినప్పుడే సరిగా అర్థమవుతుంది.

బాల్యం

క్రాకెట్ ప్రస్తుత టెన్నెసీ రాష్ట్రపు గ్రీన్ కౌంటీలో, నోలిచకీ నది ఒడ్డున జన్మించాడు. తండ్రి జాన్ క్రాకెట్, తల్లి రెబెకా హాకిన్స్. తండ్రి బాటసారుల కోసం ఒక పూటకూళ్ళ సత్రాన్ని నడిపేవాడు కానీ అప్పులు తీరేవి కావు. పన్నెండేళ్ళ వయసులో డేవిడ్‌ను పశువులను తోలుకుపోవడానికి ఒక వ్యాపారి వద్ద కూలికి కుదిర్చారు. ఆ తరువాత బడికి పంపగా, నాలుగు రోజులకే తోటి విద్యార్థిని కొట్టి, తండ్రి దెబ్బలకు భయపడి ఇల్లు విడిచి పారిపోయాడు. సుమారు మూడేళ్ళు అక్కడా ఇక్కడా పనులు చేసి తిరిగి వచ్చాడు. వచ్చిన తరువాత తండ్రి చేసిన 36 డాలర్ల అప్పు తీర్చడానికి ఒకరి వద్ద ఆరు నెలలు, మరో 40 డాలర్ల అప్పు కోసం ఇంకొకరి వద్ద మరో ఆరు నెలలు పనిచేశాడు. చదవడం, రాయడం నేర్చుకున్నది ఈ కాలంలోనే.

1806లో పాలీ ఫిన్లీని వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. 1815లో పాలీ మరణించగా, ఎలిజబెత్ ప్యాటన్ అనే వితంతువును పెండ్లాడాడు.

క్రీక్ యుద్ధం

1813 ఆగష్టులో క్రీక్ తెగలోని ఒక వర్గం ఫోర్ట్ మిమ్స్‌పై దాడిచేసి అనేకులను చంపింది. దానితో టెన్నెసీలో సైన్య సమీకరణ జరిగి, క్రాకెట్ కూడా చేరాడు. గురి తప్పని వేటగాడు కావడం వలన ఇతనికి అప్పగించిన పనులలో సైనికులకు మాంసం సంపాదించడం ఒకటి. నవంబరు 3న తల్లుషాచీ గ్రామంపై జరిగిన దాడిలో పాల్గొన్నాడు. ఒకే ఇంట్లో తలదాచుకున్న 46 మంది క్రీక్ యోధులను ఆ ఇంటితో సహా కాల్చివేశారు. ఈ సంగతిని క్రాకెట్ తన ఆత్మకథలో దాచకుండా వ్రాశాడు. తరువాతి కాలంలో ఇతడు ఆదివాసుల పక్షాన వేసిన ఓటును గురించి ఆలోచించేవారు ఈ ఘట్టాన్ని మరువరాదు.

ఓబియన్ నదీ తీరం

1817లో లారెన్స్ కౌంటీకి తరలివెళ్ళి అక్కడ న్యాయాధికారిగా, స్థానిక సైన్యంలో కర్నల్‌గా ఉన్నాడు. 1821లో టెన్నెసీ శాసనసభకు ఎన్నికయ్యాడు. షోల్ క్రీక్ అనే వాగుపై పిండిమర, తుపాకిమందు తయారుచేసే మర, సారా బట్టీ నిర్మించాడు. ఎన్నికైన సంవత్సరమే వరద వచ్చి ఇవి కొట్టుకుపోయాయి. ఉన్నదంతా అప్పులవారికి అప్పగించి, 1822లో రాష్ట్రపు పశ్చిమ కొసన ఓబియన్ నదికి చెందిన రూథర్‌ఫర్డ్ పాయ వద్దకు కుటుంబాన్ని తరలించాడు. అక్కడ దగ్గరి పొరుగు ఇల్లే ఏడు మైళ్ళ దూరం.

1811-12లలో న్యూ మాడ్రిడ్ భూకంపాలు ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేశాయి. నేల బీటలు వారింది, రీల్‌ఫుట్ సరస్సు ఏర్పడింది. కూలిన చెట్లు, వెదురును పోలిన దట్టమైన పొదలు మనుషులకు దుర్గమంగా ఉన్నా, నల్ల ఎలుగుబంట్లకు అనువైన నివాసమయ్యాయి. అప్పులపాలైన వేటగాడికి ఇంతకు మించిన చోటు లేదు.

ఎలుగు కొవ్వు, మూతి నుండి కూరే తుపాకి

క్రాకెట్ కాలపు రైఫిల్ చెకుముకి తుపాకి. తూటా వెనుక నుండి పెట్టే ఏర్పాటు దానిలో లేదు. గొట్టం మూతి నుండి ముందుగా మందు పోసి, మూతిపై కొవ్వు రాసిన చిన్న గుడ్డముక్కను పరచి, దానిపై సీసపు గుండును ఉంచి, పొడవైన కడ్డీతో అడుగు వరకు దిగగొట్టేవారు. గుండు గొట్టం కన్నా కొద్దిగా సన్నగా ఉంటుంది. ఆ ఖాళీని గుడ్డ పూరిస్తుంది. గొట్టం లోపలి మెలికల గాడులను పట్టుకుని గుండును గిరగిర తిప్పేది కూడా ఈ గుడ్డయే. రైఫిల్ గురికి మూలం ఆ తిరుగుడే.

కొవ్వు అవసరం ఇక్కడే కలుగుతుంది. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లని తుపాకిమందు కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. దానిలో కొంత పొగగా బయటకు పోగా, కొంత మసిగా గొట్టం గోడలకు పేరుకుంటుంది. పొడి గుడ్డతో నాలుగైదు సార్లు కాల్చేసరికి మసి గట్టిపడి, తరువాతి గుండు సగంలోనే ఇరుక్కుపోతుంది. గాయపడిన ఎలుగు ఎదురుగా ఉన్నప్పుడు ఇరుక్కున్న గుండు వేటగాడి ప్రాణం మీదికి తేగలదు. కొవ్వు పట్టించిన గుడ్డ మసిని మెత్తగా ఉంచి, ప్రతి గుండుతో పాటు కొంత తుడుస్తూ దిగుతుంది. గుడ్డ అంచులు మాడిపోకుండా కూడా కాపాడుతుంది.

ఇందుకు ఆవు, గొర్రె, జింక కొవ్వులూ వాడేవారు. అయితే అవి చలికి రాయిలా బిగుసుకుంటాయి. ఎలుగు కొవ్వులో ద్రవరూపంలో ఉండే కొవ్వు ఆమ్లాల పాలు ఎక్కువ కావడం వలన చలిలో కూడా మెత్తగా, వేలితో రాయడానికి వీలుగా ఉంటుంది. పెట్రోలియం నూనెలు అప్పటికి వాడుకలో లేవు. పెన్సిల్వేనియాలో తొలి వాణిజ్య చమురు బావి తవ్వినది 1859లో మాత్రమే. ఉన్నా ప్రయోజనం తక్కువే. నల్లమసితో కలిసినప్పుడు ఖనిజతైలాలు తారు వంటి జిగురుగా మారుతాయి. నేటికీ పాతకాలపు తుపాకులు కాల్చే అభిరుచి గలవారు జంతువుల కొవ్వును కోరుకోవడానికి కారణమిదే.

ఓక్ కాయలు, చెస్ట్‌నట్ గింజలు కడుపారా తిని, శీతాకాలపు నిద్రకు సిద్ధమైన ఎలుగుకు చర్మం క్రింద అంగుళాల మందాన కొవ్వు పడుతుంది. వేటకు అదే అదను. ఈ కొవ్వు కాచే పద్ధతి మన ఇళ్ళలో వెన్న కాచి నెయ్యి తీయడం వంటిదే. మాంసపు పీచులు, రక్తం లేకుండా శుభ్రం చేసి, కొవ్వును చిన్న ముక్కలుగా కోసి, అడుగంటకుండా కొద్దిగా నీరు పోసి, సన్నని సెగపై గంటల తరబడి కాచేవారు. నీరు ఇగిరి, చిటపటలు ఆగి, ముక్కలు వేగి తేలినప్పుడు దించి గుడ్డలో వడకట్టేవారు. సెగ ఎక్కువైతే కొవ్వు రంగు మారి మాడు వాసన వస్తుంది. నీరు, మాంసపు తునక మిగిలితే త్వరగా కంపు కొడుతుంది, తడి వలన ఇనుము కూడా తుప్పు పడుతుంది. సరిగా కాచినది చల్లారాక తెల్లగా పేరుకుంటుంది. వెచ్చని రోజుల్లో పైకి తేరిన నూనెను వేరుగా వంచుకునేవారు. సొరబుర్రలు, కొయ్య పీపాలు, జింకతోలు సంచులలో దీనిని నిలువ చేసేవారు. మిగిలినది అమ్మకానికి పోయేది. ఆర్కాన్సాలోని ఆయిల్ ట్రఫ్ అనే ఊరికి ఆ పేరు వచ్చినది, న్యూ ఆర్లియన్స్‌కు పంపే ఎలుగు నూనెను నింపిన కొయ్య తొట్ల వలననే.

తుపాకి కొవ్వు అనగానే భారతీయ పాఠకులకు 1857 గుర్తుకు వస్తుంది. సిపాయిలకు ఇవ్వదలచిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కూడా మూతి నుండి కూరేదే. దాని కాగితపు తూటాకు పూసిన కొవ్వు ఆవు, పందులదన్న వార్త తిరుగుబాటుకు తక్షణ కారణమైంది. అక్కడ తూటాను పంటితో కొరకవలసి రావడం సమస్య అయింది. కొవ్వు చేసే పని మాత్రం రెండు చోట్లా ఒకటే.

105 ఎలుగుబంట్లు

ఓబియన్ తీరానికి వచ్చిన మొదటి క్రిస్మస్ సమయానికి క్రాకెట్ వద్ద తుపాకిమందు అయిపోయింది. ఇంట్లో మాంసం లేదు. బావమరిది తెచ్చిన మందు పీపా నదికి ఆవల ఆరు మైళ్ళ దూరాన ఉంది. భార్య వారించినా వినక, పొంగి గడ్డకట్టుతున్న నదిని దాటి వెళ్ళి, పీపాతో తిరిగి వచ్చాడు.

1825లో ప్రతినిధుల సభకు పోటీ చేసి ఓడిన తరువాత, పీపాల తయారీకి పనికివచ్చే చెక్కలను పడవలలో న్యూ ఆర్లియన్స్‌కు చేర్చి అమ్మాలని పనివారిని పెట్టి, తాను వేటకు వెళ్ళాడు. ఆ శరత్తు, శీతాకాలాలలో 58, వసంతంలో ఒక్క నెలలోనే 47, మొత్తం ఏడాదిలోపు 105 ఎలుగుబంట్లను చంపినట్లు ఆత్మకథలో వ్రాశాడు. లెక్క అతనిదే కాబట్టి కొంత అతిశయం ఉండవచ్చు. ఒక రాత్రి గాయపడిన ఎలుగు భూకంపపు పగులులో పడగా, చీకటిలో తానూ దిగి కత్తితో పొడిచి చంపాడు. నిప్పు రాజుకోక, చలికి బిగుసుకుపోకుండా తెల్లవారే వరకు ఒక చెట్టు ఎక్కుతూ జారుతూ గడిపాడు.

చెక్కల వ్యాపారం మాత్రం మునిగిపోయింది. 1826లో మిసిసిపీ నదిలో పడవలు బోల్తాపడగా, గదిలో చిక్కుకున్న క్రాకెట్‌ను ఇరుకు సందులో నుండి చర్మం గీరుకుపోయేలా బయటకు లాగారు.

రాజకీయ జీవితం

వేటగాడిగా వచ్చిన పేరు ఎన్నికలలో ఉపయోగపడింది. 1827, 1829లలో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. ప్రభుత్వ భూములలో స్థిరపడిన పేదలకు ఆ భూములపై హక్కు కల్పించాలన్నది ఇతని ప్రధాన ఆశయం. అది ఇతని జీవితకాలంలో నెరవేరలేదు. ఇతని కుమారుడు జాన్ వెస్లీ ప్రతినిధిగా ఉన్నప్పుడు, 1841లో, మార్పులతో చట్టమైంది.

1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆదివాసులను మిసిసిపీ నదికి పడమటికి తరలించే బిల్లును తెచ్చినప్పుడు, టెన్నెసీ ప్రతినిధులందరిలో క్రాకెట్ ఒక్కడే వ్యతిరేకంగా ఓటు వేశాడు. 1831లో ఓడిపోయాడు. 1833లో మళ్ళీ గెలిచాడు. థామస్ చిల్టన్ సహాయంతో రచించిన ఆత్మకథ 1834లో ఫిలడెల్ఫియాలో ప్రచురితమై విశేషంగా అమ్ముడైంది. 1835లో ఆడమ్ హంట్స్‌మన్ చేతిలో ఓటమి పొందాడు.

మరణం

1835 నవంబరులో టెక్సాస్‌కు బయలుదేరాడు. 1836 జనవరిలో అక్కడి తాత్కాలిక ప్రభుత్వానికి విధేయత ప్రకటించి, ఫిబ్రవరిలో సాన్ ఆంటోనియో చేరాడు. మెక్సికో సేనాని శాంటా అన్నా సైన్యం పదమూడు రోజులు అలమోను ముట్టడించి, మార్చి 6 తెల్లవారుజామున లోనికి చొరబడింది. కోటను కాపాడిన పోరాటయోధులు దాదాపు అందరూ మరణించారు. క్రాకెట్ పోరులోనే నేలకొరిగాడని కొందరు, పట్టుబడిన తరువాత చంపబడ్డాడని కొందరు చరిత్రకారులు అంటారు. రెండవ వాదానికి ఆధారం మెక్సికో సైనికాధికారి డె లా పెన్యా వ్రాతలు. ఇవి 1955లో స్పానిష్ భాషలోను, 1975లో ఆంగ్లంలోను వెలువడ్డాయి. మృతదేహాలను దహనం చేసినందున ఈ వివాదం తీరలేదు.

జ్ఞాపకాలు

1954-55లలో డిస్నీ సంస్థ టెలివిజన్‌లో ప్రసారం చేసిన ధారావాహికలో ఫెస్ పార్కర్ క్రాకెట్ పాత్ర ధరించాడు. తోక వ్రేలాడే రకూన్ తోలు టోపీలు అమెరికా పిల్లలలో వెర్రిగా వ్యాపించాయి. పసితనంలోనే ఎలుగును చంపాడన్న ప్రచారం కూడా ఈ ధారావాహిక పాట ద్వారా పాకినదే. ఆత్మకథలో అటువంటిదేమీ లేదు.

క్రాకెట్ తొలి రైఫిల్‌గా చెప్పబడే చెకుముకి తుపాకి నాక్స్‌విల్‌లోని ప్రదర్శనశాలలో కలదు. రూథర్‌ఫర్డ్ పట్టణంలో ఇతని దుంగల ఇంటి నమూనాను నిర్మించారు. తల్లి రెబెకా సమాధి అక్కడే ఉంది. ఇతడు వేటాడిన పశ్చిమ టెన్నెసీ అడవులు నరికి పొలాలుగా మార్చబడగా, నల్ల ఎలుగుబంట్లు ఆ ప్రాంతం నుండి అంతరించి, రాష్ట్రపు తూర్పు కొండలకు పరిమితమయ్యాయి.