గుంటూరు డాక్టరమ్మ చూపిన నమ్మకత్వం

1883 నవంబరు 29న గుంటూరు పట్టణానికి 27 ఏళ్ల అమెరికన్ యువతి ఒకరు చేరుకున్నారు. ఆమె పేరు అన్నా సారా కుగ్లర్. ఆమె చదివింది వైద్యం. ఫిలడెల్ఫియాలో స్త్రీల కోసమే నెలకొల్పిన పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుంచి 1879లో పట్టా పుచ్చుకున్నారు. మన దేశపు తొలితరం వైద్యురాలు ఆనందీబాయి జోషీ 1886లో పట్టభద్రురాలైంది కూడా అక్కడే. అయితే కుగ్లర్‌ను ఇండియాకు పంపిన లూథరన్ స్త్రీల మిషనరీ సమాజం ఆమెను డాక్టరుగా పంపలేదు. వైద్య పరిచర్యకు ఇంకా వేళ కాలేదని తలచి, ఘోషాలో ఉండే స్త్రీల ఇళ్లకు వెళ్లి చదువు చెప్పే ఉపాధ్యాయినిగా పంపింది.

చేతిలో డాక్టరు పట్టా ఉండగా పలకా బలపం పట్టమంటే మనలో ఎంతమందిమి ఒప్పుకుంటాం? కుగ్లర్ ఒప్పుకున్నారు. పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో 1856 ఏప్రిల్ 19న పుట్టిన ఆమెకు స్వదేశంలో ఉద్యోగం లేక కాదు. నోరిస్‌టౌన్‌లోని మానసిక వైద్యశాలలో స్త్రీల విభాగంలో పనిచేస్తున్న రోజుల్లోనే గుంటూరులోని మిషనరీ ఆడమ్ రో రాసిన ఉత్తరం ఆమెను కదిలించింది. ఇక్కడి స్త్రీలు పరాయి మగ డాక్టరు ముందుకు రారు, ఆడ డాక్టరు లేదు, కాన్పులలో తల్లులూ బిడ్డలూ చనిపోతున్నారు. ఏ పేరుతో పంపినా సరే, వెళ్లాలని ఆమె తీర్మానించుకున్నారు. తనతోపాటు కొన్ని మందులు, పనిముట్లు తెచ్చుకున్నారు. పగలు పాఠాలు చెబుతూనే, పిలిచిన ఇంటికల్లా వెళ్లి రోగులను చూశారు.

ఆ ఇళ్లలో ఆమెకు ఎదురైంది గౌరవం కాదు. విదేశీయురాలు గనుక ఆమె అంటరానిది. ఆమె తాకితే మైల. అయినా ఆమె చిన్నబుచ్చుకోలేదు. రెండేళ్లు గడిచాక 1885 డిసెంబరులో సమాజం ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. దేవుని పిలుపు నిజమైనదైతే మనుషులిచ్చే హోదా వెనకాలే వస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇక్కడివరకు ఇది త్యాగం కథ. ఇలాంటి కథలు మనం చాలా విన్నాం. అయితే ఆమె జీవితంలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. తానొక్కతే ఎన్ని ఇళ్లు తిరిగినా ఎంతమందిని చూడగలదు? తాను జ్వరంతో పడిపోతే రోగుల గతేమిటి? అందుకని ఆమె ఆస్పత్రి కట్టడానికి పూనుకున్నారు. 1889లో సెలవు మీద స్వదేశం వెళ్లినప్పుడు సంఘాలకు ఈ అవసరం వివరించారు. తిరిగి వచ్చాక 1893లో డిస్పెన్సరీ, 1897 జూన్ 23న 50 పడకల ఆస్పత్రి తెరుచుకున్నాయి. అంటే గుంటూరులో అడుగుపెట్టిన పద్నాలుగేళ్లకు గానీ ఆమె కోరిక నెరవేరలేదు. ఆ పద్నాలుగేళ్లూ ఓపికతో పునాది వేసిన ఏళ్లు.

గోడలు లేచినంత మాత్రాన ఆస్పత్రి కాదు. డాక్టరు మందు రాసి వెళ్లిపోయాక రాత్రంతా రోగి పక్కన ఉండేదెవరు? వేళకు మందు ఇచ్చేదెవరు? జ్వరం పెరిగితే గుర్తించేదెవరు? ఇంగ్లండులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణాలయం ప్రారంభించి ఈ ప్రశ్నలకే జవాబిచ్చారు. గుంటూరులో ఆ భారాన్ని అమెరికా నుంచి వచ్చిన నర్సు కాథరిన్ ఫాస్ తలకెత్తుకున్నారు. తెలుగు ఆడపిల్లలకు నర్సింగ్ నేర్పడం మొదలైంది. ఆ రోజుల్లో అది గౌరవమైన పనిగా ఎవరూ ఎంచలేదు. పరాయివారి మలమూత్రాలెత్తే పనికి పిల్లను పంపడమా అని తల్లిదండ్రులు వెనకాడేవారు. అందుకే తెలుగుదేశంలో తొలితరం నర్సులు ఎక్కువగా పేద క్రైస్తవ కుటుంబాల నుంచే వచ్చారు. సమాజం చిన్నచూపు చూసిన ఇళ్ల ఆడపిల్లల చేతుల్లో పెద్దింటివారి ప్రాణాలు నిలిచాయి.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం మనందరికీ తెలిసిందే. ఆయన జాలిపడ్డాడని బోధించి మనం ఆగిపోతాం. జాలిపడ్డాక ఆయన చేసిన పనులను వరుసగా చూడండి. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. పూటకూళ్లవాని ఇంటికి చేర్చి ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు ఖర్చుకు రెండు దేనారాలు ఇచ్చాడు. చూసుకునే పని ఇంకొకరికి అప్పగించాడు. మళ్లీ వచ్చి మిగతా లెక్క తీరుస్తానన్నాడు. ప్రథమ చికిత్స, వాహనం, పడక, డబ్బు, బాధ్యతల అప్పగింత, మళ్లీ వచ్చి చూడటం... ఆస్పత్రి పరిపాలన అంటే ఇదే కదా! ఆయన జాలికి ఒక క్రమం ఉంది. క్రమం లేని జాలి రోగిని దారి పక్కనే వదిలేస్తుంది. సువార్త రాసిన నలుగురిలో వైద్యుడైన లూకా ఒక్కడే ఈ ఉపమానాన్ని మనకు అందించడం ఆలోచించదగ్గ విషయం.

కుగ్లర్ ఆస్పత్రికి పూటకూళ్ల ఇల్లు కూడా దొరికింది. ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు గారి భార్యకు అక్కడ వైద్యం జరిగింది. స్వయంగా కవి అయిన ఆ రాజావారు కృతజ్ఞతగా, రోగుల వెంట వచ్చే బంధువులు ఉండటానికి ఆస్పత్రి దగ్గర సత్రం కట్టించారు. ఒకప్పుడు ఆమె తాకితే మైల అన్న సమాజమే ఆమె పనిలో పాలుపంచుకుంది. ప్రభుత్వం 1905లో కైజర్-ఇ-హింద్ పతకంతో ఆమెను గౌరవించింది. 1928లో ఆమె తన ఆస్పత్రి చరిత్రను పుస్తకంగా రాశారు. 47 ఏళ్ల సేవ తర్వాత 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆ తర్వాత ఆస్పత్రి కుగ్లర్ పేరుతోనే నిలిచింది.

ఈ జీవితాన్ని దంతాలపల్లిలో కూర్చుని మేము ఎందుకు తలచుకుంటున్నాం? మా సంఘంలో జరిగిన ఒక సంగతి మమ్మల్ని ఆలోచింపజేసింది. ఒక పెద్దమ్మకు బీపీ. ఒక ఊళ్లో డాక్టరుకు చూపించుకుని మాత్రలు తెచ్చుకుంది. కొన్నాళ్లకు కొడుకు ఇంకో పట్టణం తీసుకువెళ్తే అక్కడా మాత్రలు రాశారు. పాతవి వాడుతున్నట్టు ఆమె చెప్పలేదు, అక్కడ ఎవరూ అడగలేదు. రెండూ వేసుకుంటూ వచ్చింది. కాళ్లు వాచాయి, కళ్లు తిరిగాయి, ఒకనాడు వాకిట్లో పడిపోయింది. ఉపవాసాల వల్ల వచ్చిన నీరసమనుకుని మేము వెళ్లి ప్రార్థన చేసి వచ్చాం. చూడటానికి వచ్చిన బంధువుల అమ్మాయి ఒక నర్సు. ఆమె చేసింది ఒక్కటే. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెమ్మని, కవరు మంచం మీద కుమ్మరించి, ఒక్కో పట్టీ వెనక చిన్న అక్షరాలు చదివింది. రెండు పట్టీలకు పైపేర్లు వేరు, లోపలి మందు ఒకటే. ఎమ్లోడిపిన్. పెద్దమ్మ రోజూ రెండింతల మోతాదు మింగుతోంది! వెంటనే డాక్టరుకు చూపించి సరిచేయించారు, ఆమె కోలుకుంది.

ఆ మంచం పక్కన మేమూ కూర్చున్నాం. ఆ కవరు మా ముందే ఉంది. మా ప్రార్థన తప్పు కాదు, కానీ కళ్లు మూసుకోవడానికి ముందు కళ్లు తెరిచి చూడలేదు. ఆ తప్పును దేవుని ముందు ఒప్పుకున్నాం.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఒకే మందు పదుల పేర్లతో అమ్ముడవుతోంది. ఒకలాగే వినిపించే పేర్లున్న వేర్వేరు మందులూ ఉన్నాయి. మందుల వాడకంలో జరిగే పొరపాట్లు తగ్గించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రారంభించింది. నర్సులకు మొదట్లోనే ఐదు సంగతులు నేర్పుతారు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. ఇన్సులిన్ వంటి మందుల్లో కొద్ది తేడా వచ్చినా ప్రాణం మీదికి వస్తుంది గనుక, ఇద్దరు విడివిడిగా సరిచూసి ఇచ్చే పద్ధతి పెట్టారు. పొరపాటు జరిగితే దాచకుండా చెప్పమని, చెప్పినవారిని శిక్షించడం కంటే పొరపాటుకు దారితీసిన లోపాన్ని దిద్దమని నేటి ఆస్పత్రులకు నిపుణులు సలహా ఇస్తున్నారు. తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో, దాచడం ఎంత ప్రమాదమో విశ్వాసులకు వేరే చెప్పాలా?

చిన్న సంగతుల్లో నమ్మకంగా ఉన్నవారికే పెద్ద పనులు అప్పగిస్తారని ప్రభువు బోధించాడు. పట్టీ వెనక అక్షరాలు చదవడం, మంచం దగ్గర పేరు అడిగి మందు ఇవ్వడం చాలా చిన్న పనులు. వాటి మీదే ఒక తల్లి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ప్రియులారా! మన ఇళ్లలోని పెద్దల మాత్రల కవరు ఈ వారం ఒకసారి విప్పి చూద్దాం. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రలు అన్నీ వెంట తీసుకువెళ్దాం. అనుమానం వస్తే సొంతంగా మానేయకుండా డాక్టరునో నర్సునో అడుగుదాం. మన సంఘాల్లో రాత్రి డ్యూటీలు చేసే నర్సు బిడ్డలు, ఫార్మసిస్టులు ఎందరో ఉన్నారు. వేదిక మీద పాడేవారిని గౌరవించినట్టే వారినీ గౌరవిద్దాం. డాక్టరుగా వచ్చి రెండేళ్లు పంతులమ్మగా వేచి ఉన్న కుగ్లర్, జాలిని ఒక క్రమంలో పెట్టి, చేతులకు పని నేర్పి వెళ్లారు. మంచం పక్కన ప్రార్థించే మనకు కూడా ఆ శ్రద్ధ దేవుడు అనుగ్రహించును గాక!