థామస్ బరో - బస్తరు భాషల షష్ఠి
థామస్ బరో 1909లో ఇంగ్లండున జన్మించెను. 1944 మొదలు 1976 వరకు ఆక్స్‌ఫర్డున సంస్కృతాచార్యుడు. 'రామస్య' యందువలె ఒక్క ప్రత్యయమే షష్ఠిని, వచనమును తెలుపు భాష ఆయన వృత్తి. అట్టివాడు సుధిభూషణ భట్టాచార్యతో కూడి బస్తరున పర్జీని పరిశీలించెను. ద్రావిడమున సంగతి వేరు. తెలుగు 'ఇంటి' షష్ఠియే. 'ఇంటికి', 'ఇంటిలో' అనువానికి అంగమును అదియే. గోండీ మరియొక దారి త్రొక్కినది: హిందీ 'కా, కీ'ల వలె అందు షష్ఠి విశేష్యమును బట్టి 'నావోర్', 'నావా' అని మారును.

గ్రియర్సను సర్వే పర్జీని గోండీ మాండలికముగ నెంచినది. ఒక జాతి మాటకు పొరుగుదాని పేరు పెట్టుట స్వల్పదోషము కాదు. ధ్వనులను, రూపములను విమర్శించి 1953 నాటి వారి గ్రంథము పర్జీని స్వతంత్రభాషగ, కొలామీ, నాయకీ, గదబలకు సోదరిగ నిలిపెను. 1961లో ఎమెనోతో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున పర్జీ పదములు తమ పేరనే చేరినవి. బరో 1986లో గతించెను.